హంతకుడి హోదా

మొదటి పేజీలో శవం. చివరి పేజీలో హంతకుడు. మధ్యలో పాఠకుడికి ఊపిరి తీసుకోవడానికి సందు లేదు. ఇంద్రజ ఆఖరి వాక్యం రాసి పెన్ను మూత పెట్టేసరికి వంటింట్లో కుక్కర్ కూత వేసింది. తననే మెచ్చుకున్నట్టు వినిపించింది ఆవిడకి.

మెచ్చుకోవాల్సిందే. ఇంద్రజ పాఠ్యపుస్తకం మధ్య డిటెక్టివ్ నవల పెట్టుకుని పెరిగిన మనిషి. డిటెక్టివ్ కంటే ముందే హంతకుణ్ణి కనిపెట్టి, పేజీ అంచున పెన్సిల్‌తో పేరు రాసి, ఊళ్లో లైబ్రేరియన్ చేత తిట్లు తిన్న చరిత్ర ఆవిడది. పెళ్లయి ఢిల్లీ వచ్చాక, మయూర్ విహార్ డీడీఏ ఫ్లాట్‌లో నీళ్లు పట్టుకోవడం, కూలర్ తుడుచుకోవడం, వచ్చేపోయే చుట్టాలకి ఎర్రకోట చూపించడం, వీటిలో ఏళ్లు గడిచాయి. ఒక్క కథ, తన పేరుతో, అచ్చులో చూసుకోవాలన్న కోరిక మాత్రం గడవలేదు.

కథ పేరు 'లిఫ్టు ఆగిన చోట'. ఢిల్లీలో ఒక సర్కారు భవనం. అందులో ఓ అండర్ సెక్రటరీ లిఫ్టు గుంటలో పడి చచ్చి ఉంటాడు. అందరూ ప్రమాదమనుకుంటారు. రిటైర్డ్ తెలుగు టీచరు జానకమ్మ మాత్రం అనుకోదు. తోసింది డిప్యూటీ సెక్రటరీ విశ్వపతి. కారణం, రెండు కిటికీలున్న గది. సీనియారిటీ ప్రకారం తనకి రావాల్సిన గది ఆ అండర్ సెక్రటరీకి పోయింది. కిటికీ కోసం మనిషిని చంపుతారా అని బయటివాళ్లు నవ్వొచ్చు. ఢిల్లీలో సర్కారు కొలువు చేసినవాళ్లెవరూ నవ్వరు.

ఇంద్రజ ఈ కథ ఇప్పుడే రాయడానికి కారణం మయూర్ విహార్ తెలుగు మిత్రమండలి. సర్వజిత్ నామ సంవత్సర ఉగాదికి వాళ్లు తెచ్చే ప్రత్యేక సంచిక ఈసారి 'మిస్టరీ, ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ కథల సంచిక' అని సంపాదక సంఘం అధ్యక్షుడు శేషగిరి ప్రకటించాడు. శేషగిరి ఒక మంత్రిత్వ శాఖలో డైరెక్టరు. ఆ మూడు రకాల్లో ఒక్కటి కూడా ఆయన చదివిన పాపాన పోలేదు. పోయినేడు 'కుటుంబ విలువల సంచిక' వేస్తే కట్టలు కట్టలుగా మిగిలిపోయాయి. ఈసారి విలువలు లేనివి వేసి చూద్దామనుకున్నాడు.

ఇంద్రజ భర్త రఘునందన్ ఆ శేషగిరి కిందనే సెక్షన్ ఆఫీసరు. అందుకని కథని ఆయన చేతికే ఇచ్చింది.

"జాగ్రత్తగా ఇవ్వండి. కాగితాలు నలగకూడదు," అంది.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది.

రఘునందన్ మంచివాడు. ఇంట్లో కరెంటు బిల్లులకో ఫైలు, గ్యాస్ కనెక్షన్‌కో ఫైలు, తమ పెళ్లి శుభలేఖకో ఫైలు పెట్టినవాడు. కాగితాలు నలగకుండా ఉండాలంటే ఆయనకి తెలిసిన దారి ఒక్కటే. ఆ దారిలో వెళ్లి ఆయన ఏం చేశాడో ఇంద్రజకి ఆదివారం దాకా తెలియలేదు.

ఆదివారం సంపాదక సంఘం శేషగిరి ఇంట్లో కూర్చుంది. 'చర్చించగలరు' అని కబురొస్తే భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. సంఘమంటే ముగ్గురు. సోఫా నిండా శేషగిరి. పక్కన కరీంనగర్ ధర్మయ్య, వేరే శాఖలో డిప్యూటీ సెక్రటరీ. ఎదురుగా అనంతపురం మాణిక్యాంబ, ఆడిట్‌లో పెద్ద అధికారిణి, మండలికి కోశాధికారి. శేషగిరి భార్య భానుమతి మిరపకాయ బజ్జీల పళ్లెం తెచ్చి పెట్టి, ఎవరూ ఆవిడని కూర్చోమనలేదు గనక, లోపలికి వెళ్లిపోయింది.

"కథ చాలా బాగుందమ్మా," అన్నాడు శేషగిరి. "ఎక్సలెంట్. చిన్న చిన్న అబ్జర్వేషన్స్, అంతే."

టీపాయ్ మీద ఆఫీసు ఫైలొకటి ఉంది. పైన స్కెచ్ పెన్నుతో 'లిఫ్టు ఆగిన చోట' అని రాసి ఉంది. ఇంద్రజ భర్త వైపు వంగింది.

"నా కథ ఫైల్లో ఎందుకుందండీ?"

"నలగకూడదన్నావుగా."

ఫైలంటే కుడివైపు కాగితాలు, ఎడమవైపు ఆకుపచ్చ నోట్ షీటు. కుడివైపున్నది విషయం. ఎడమవైపు రాసేది ఆ విషయం మీద పెద్దల అభిప్రాయం. నోట్ షీటు ఖాళీగా కనిపిస్తే సర్కారు మనిషి ఊరుకోలేడు. ఎవరో మొదలుపెట్టాలి. మొదలుపెట్టాక పైవాడు దానికింద రాయకుండా వెనక్కి పంపలేడు. రాయకపోతే చదవలేదనుకుంటారు. పేజీలో సగం అప్పటికే నిండిపోయి ఉంది.

ధర్మయ్య బజ్జీ తుంచుతూ మొదలుపెట్టాడు. "చెల్లె, ఏమనుకోకు. మన మండలిల డిప్యూటీ సెక్రటరీ ఎవ్వరు? నేనొక్కణ్ణే. హంతకుడు డిప్యూటీ సెక్రటరీ అని రాస్తివి. రేపు పుస్తకం జూసినోళ్లు ఏమనుకుంటరు? ధర్మయ్య ఎవన్నో సంపిండనుకోరా?"

"కథలో ఆయన పేరు విశ్వపతండీ."

"పేరుదేముంది చెల్లె? ఢిల్లీల పోస్టు జూస్తరు గని పేరెవ్వడు జూస్తడు?"

"పాయింటే," అన్నాడు శేషగిరి. "హంతకుడి హోదా కొంచెం తగ్గిద్దాం. అండర్ సెక్రటరీని చేద్దామా?"

"మన సభ్యుల్లో సగం మంది అండర్ సెక్రటరీలే సార్," అంది మాణిక్యాంబ. "చందా కట్టేది మానేస్తారు."

"అచ్ఛా. అయితే సెక్షన్ ఆఫీసర్."

గదిలో అందరి చూపులూ రఘునందన్ మీద పడ్డాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇప్పటికైనా తన తరఫున నోరు విప్పుతాడని ఇంద్రజ ఆశపడింది.

"సార్, సెక్షన్ ఆఫీసర్‌కి స్వతంత్రంగా చంపే అధికారం ఉండదు సార్. పైనుంచి ఆదేశం కావాలి."

"అది నిజమే," అన్నాడు శేషగిరి ఆలోచిస్తూ. "గుమాస్తా?"

"టెంట్లు, కుర్చీలు, మైకు అన్నీ తెచ్చేది గుమాస్తాలే సార్," అంది మాణిక్యాంబ. "వాళ్లని హంతకులు చేసి పండగనాడు నేల మీద కూర్చుంటామా?"

"ఠీక్ హై. బయటివాడే చంపాడందాం. ఇంటి ఓనరు, పంజాబీ."

"హాలు ఫ్రీగ ఇచ్చినోడు పంజాబీయే సార్," అని గుర్తు చేశాడు ధర్మయ్య. "ఫ్యామిలీతోని వస్తుండు. వేదిక మీద కూసుంటడు."

ఇంద్రజకి నవ్వాలో లేవాలో తెలియలేదు. "సార్, హంతకుడు మారితే కథే మారిపోతుంది. చంపిన కారణం ఆ మనిషిదే. ఇంకొకరికి ఆ కారణం అతకదు."

"కారణాలు చూసుకోవచ్చమ్మా," అన్నాడు శేషగిరి, బదిలీ ఉత్తర్వు మీద సంతకం పెట్టేముందు అందరితోనూ అనే గొంతుతో. "ముందు పేరు తేలనీ."

ధర్మయ్య తొడ చరిచాడు. "అసలు మనిషి సంపిండంటెనే గదా ఈ లొల్లంత? దయ్యం సంపిందని పెట్టుండ్రి. ఫాంటసీ అయితది. మన సంచికల ఫాంటసీ ఒక్కటి గుడ రాలేదు."

"దయ్యమంటే మునుపు మనిషే గదా," అంది మాణిక్యాంబ. ఆడిట్ మనిషి దయ్యాన్ని కూడా ఊరికే వదలదు. "సర్వీసులో సచ్చినాడా, రిటైరైనాక సచ్చినాడా? ఇంట్లోవాళ్లు ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటా ఉంటే ఈయప్ప మళ్లీ ఆఫీసుకొచ్చి పని చేసినాడంటే అది పెద్ద అబ్జెక్షన్."

సమస్య జటిలంగా ఉంది. హంతకుడు మనిషి కాకూడదు, మునుపు మనిషై ఉండకూడదు, సర్వీసు రూల్స్ కింద రాకూడదు, చందా కట్టేవాడు కాకూడదు. శేషగిరి కళ్లు మూసుకున్నాడు. తెరిచినప్పుడు ఆ కళ్లలో వెలుగుంది.

"రోబో!" అన్నాడు. "ఇంకో గ్రహం నుంచి వచ్చిన రోబో. సైన్స్ ఫిక్షన్!"

"వాహ్!" అన్నాడు ధర్మయ్య.

"ఏ గ్రహం సార్?" అని అడిగాడు రఘునందన్, నోట్‌లో రాయాలి గనక. "మార్స్ అనొచ్చా?"

"మంగళ గ్రహం వద్దు," అన్నాడు ధర్మయ్య వెంటనే. "మా బిడ్డకు కుజదోషం. సంబంధాలు జూస్తున్నం."

"శని?" అన్నాడు శేషగిరి.

"పండగపూట శనేంది సార్?" అంది మాణిక్యాంబ.

గ్రహం పేరు ఖాళీగా వదిలేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇంద్రజ ఆశ్చర్యపడటం మానేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు మాణిక్యాంబ ఇంకో మాట అడిగింది.

"ఇంద్రజా, ఇంకొక్కటి. ఆ విషం యాడిది?"

"ఏ విషమండీ?"

"చంపిన విషం. సర్కారు భవనంలోకి విషం వచ్చిందంటే ఎవరు తెప్పించినారు, ఏ బడ్జెట్ హెడ్డు కింద తెప్పించినారు? రోబో అయినా సరే, కొన్న కాగితం చూపించల్ల."

"నా కథలో విషం లేదండీ. లిఫ్టు గుంటలోకి తోసేస్తాడు."

"లేకపోవడమేంది? ఇదో, ఇక్కడే ఉంది." మాణిక్యాంబ ఫైలు తిప్పి ఎడమవైపు పేజీ మీద వేలు పెట్టింది.

ఇంద్రజ వంగి చూసింది. అన్నిటికంటే పైన, భర్త గుండ్రటి అక్షరాలు.

'శ్రీమతి ఇంద్రజ సమర్పించిన కథ కుడివైపున ఉంచడమైనది. సారాంశం: డిప్యూటీ సెక్రటరీ శ్రీ విశ్వపతి తన సహోద్యోగిని విషప్రయోగం ద్వారా హతమార్చుట. ఆదేశముల నిమిత్తం సమర్పించడమైనది.'

రెండుసార్లు చదివింది. చివరి పేజీ దాకా తాను చీర కొంగులో ముడి వేసినంత భద్రంగా దాచుకున్న పేరు, మొగుడు రెండో వాక్యంలోనే విప్పేశాడు. చంపిన పద్ధతి అయితే అసలు తప్పు. తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన బజ్జీలో గింజలు ఏరుతున్నాడు.

ఇంద్రజ చెయ్యి చాపి కుడివైపు కాగితాలు తిరగేసింది. తను ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. అంచులు కత్తుల్లా ఉన్నాయి. ఒక్క మూల కూడా మడత పడలేదు. ఒక్క నూనె మరక లేదు, బజ్జీలు తినే ఇంట్లో ఉండి కూడా.

అనుమానం తీర్చుకోవాలనిపించింది. డిటెక్టివ్ నవలలు చదివిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"సార్, మా జానకమ్మ ఎలా ఉంది?" అని మెల్లగా అడిగింది.

"ఆవిడ పాత్ర చాలా సహజంగా ఉందమ్మా," అన్నాడు శేషగిరి గుండె మీద చెయ్యి వేసుకుని. "పాపం, ఆవిడ చనిపోయేచోట కదిలిపోయాననుకో."

చివరి పేజీలో హంతకుణ్ణి పట్టించి, ఆటో ఎక్కి, బేరమాడి ఇంటికి వెళ్లిన జానకమ్మ ఆ విధంగా శేషగిరి డ్రాయింగ్ రూమ్‌లో దివంగతురాలైంది.

ఇద్దరూ ఇంటికి వచ్చారు. తలుపు గొళ్లెం పడ్డాక ఇంద్రజ నోరు విప్పింది.

"మీరు చదివారా, లేదా?"

"చదివాను. అంటే, మొదలుపెట్టాను."

"ఎంతదాకా వచ్చారు?"

"శవం దాకా రాలేదు. ఈలోగా ఫోనొచ్చింది."

"శవం మొదటి పేజీలోనే ఉందండీ!"

రఘునందన్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. "ఫోను ముందే వచ్చుంటుంది."

"మరి విషం ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"హత్యంటే సాధారణంగా అదే కదా ఇందూ."

ఇంద్రజ నవ్వేసింది. అది నవ్వు కాదని ఆయనకీ తెలిసింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మార్చి వెళ్లగానే నా పనితీరు మీద ఏసీఆర్ రాసేది శేషగిరి గారే. ఈసారి ప్రమోషన్ లిస్టులో ఉన్నాను. ఆ రోబోని పెట్టెయ్. నీకేం పోయింది? నీ పేరు వేస్తారుగా."

"రోబోకి రెండు కిటికీల గది ఎందుకండీ?"

ఆయనకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

ఇంద్రజకి రెండు దార్లు కనిపించాయి. కథ వెనక్కి తీసుకుంటే సార్‌కి కోపం, మొగుడి ఏసీఆర్‌లో ఎర్ర సిరా. రోబోని పెడితే తన పేరు కింద తనది కాని కథ. ఇన్నేళ్లు ఆగింది పేరు కోసమా, కథ కోసమా? బియ్యం కడుగుతూ ఆలోచించింది. నీళ్లు తెల్లగా పోవడం మానేశాక కూడా కడుగుతూనే ఉంది. రోబో కింద తన పేరు ఊహించుకుంటే ఒళ్లు చిరచిరలాడింది. పక్కింటి పిల్లాణ్ణి తెచ్చి, వీడు నీ కొడుకే, ఇంటిపేరు వేశాం కదా, అన్నట్టుంది.

చెయ్యి తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది.

"ఇప్పుడేం జరుగుతుంది? అంటే, పద్ధతి ప్రకారం."

పద్ధతి అనే మాట వినగానే రఘునందన్ ప్రాణం లేచొచ్చింది. "నువ్వు మార్చి రాసిన ఫేర్ కాపీ కుడివైపు పెడతాను. ఎడమవైపు నోట్ రాస్తాను. ముగ్గురూ సంతకాలు పెడతారు. ప్రెస్‌కి వెళుతుంది."

"ఫేర్ కాపీ చదువుతారా?"

"ఎందుకు చదువుతారు?" నిజంగానే ఆశ్చర్యపోయాడాయన. "నోట్ చదువుతారు. ఆదేశాల ప్రకారం మార్చడమైనదని నోట్‌లో ఉంటే సరిపోతుంది. ప్రతివాడూ కుడివైపు చదువుతూ కూర్చుంటే గవర్నమెంటు నడుస్తుందా?"

ఇంద్రజ భర్త వైపు చాలాసేపు ప్రేమగా చూసింది. పెళ్లయ్యాక ఆయన చెప్పినవాటిలో ఇంత పనికొచ్చే మాట ఇదే.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్లగానే కూర్చుంది. కథని మొదటి నుంచీ తిరగరాసింది. మొదటి పేజీలో శవం మీద అనవసరంగా వాలిన విశేషణాలు కొన్ని తీసేసింది. జానకమ్మ మాటలకి పదును పెట్టింది. విశ్వపతిని ముట్టుకోలేదు. డిప్యూటీ సెక్రటరీగానే ఉంచింది. కోపం కొద్దీ ఆయన గదికి కర్టెన్లు కూడా వేసింది.

తెల్లారి కాగితాలు భర్త చేతిలో పెట్టింది.

"వాళ్లు అన్న ప్రతి మాటా మనసులో పెట్టుకుని రాశాను. ఒక్కసారి చదవండి."

"నువ్వు రాశావుగా."

"అయినా చదవండి. తర్వాత నన్నంటే నేను పడను."

"ఆఫీసు చార్టర్డ్ బస్సు వచ్చేస్తుంది ఇందూ." షూ లేసు కట్టుకుంటూనే కాగితాలు ఫైల్లో పెట్టి ట్యాగ్ బిగించాడు. బస్సులో సీటు దొరగ్గానే నోట్ రాశాడు. 'కమిటీ ఆదేశముల మేరకు హంతకుని గ్రహాంతర రోబోగా మార్చడమైనది. విషము తొలగించడమైనది. ఫేర్ కాపీ కుడివైపున ఉంచడమైనది. ఆమోదము నిమిత్తం.'

ధర్మయ్య 'చూశాను' అని సంతకం పెట్టాడు. మాణిక్యాంబ విషం తొలగిందన్న వాక్యం కింద గీత గీసి సంతకం పెట్టింది. శేషగిరి 'అభినందనీయం' అని ఒక మాట అదనంగా రాసి సంతకం పెట్టాడు. కథ ప్రెస్‌కి వెళ్లింది.

ఉగాది దాకా ఇంద్రజకి అన్నం సయించలేదు. సంచిక చేతికొచ్చిన క్షణంలో ఎవరో ఒకరు కేక పెడతారు. ధర్మయ్య అంటాడు, 'చెల్లె, ఇదేంది?' అని. శేషగిరి మొహం ఎర్రబడుతుంది. రఘునందన్ తన వైపు చూస్తాడు. ఆ చూపుకి ఏం సమాధానం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. 'చదవమన్నాను కదండీ.'

పండగరోజు హాలు కిటకిటలాడింది. పచ్చడి పంచారు, పంచాంగం విన్నారు, పంజాబీ ఓనరుకి శాలువా కప్పారు. శేషగిరి సంచిక ఆవిష్కరించి మైకు అందుకున్నాడు.

"ఈ సంచికకి మణిపూస మన ఇంద్రజ గారి సైన్స్ ఫిక్షన్ కథ! సుదూర గ్రహం నుంచి వచ్చిన ఒక రోబో, మానవత్వమంటే ఏమిటో మనకి నేర్పుతుంది. చివర్లో అది ఏడుస్తుంటే నేనూ కన్నీళ్లు ఆపుకోలేకపోయాను!"

చప్పట్లు మోగాయి. కుర్చీల్లో సంచికలు తెరుచుకున్నాయి. అందరూ తమ ఫొటో ఏ పేజీలో ఉందో వెతుక్కున్నారు, దొరికాక మూసేశారు. భోజనాల దగ్గర ఆకుల కింద పరుచుకోవడానికి కొన్ని పనికొచ్చాయి.

"రోబో అదిరింది ఆంటీ," అంది ఒకమ్మాయి పులిహోర వడ్డించుకుంటూ.

ఇంద్రజ తెగించి ధర్మయ్యనే పట్టుకుంది. "కథ చదివారా అన్నయ్యా?"

"రెండు మాట్ల సదివిన చెల్లె! ఆ రోబో, నిజం జెప్పాల్నంటే, నా ఐడియానే. నేను దయ్యమంటెనే గదా సార్ రోబో అన్నది?"

ఆ వారమంతా అదే వరస. కూరగాయల బండి దగ్గర, మెడికల్ షాపు దగ్గర, కనిపించిన తెలుగువాళ్లందరూ రోబోని మెచ్చుకున్నారు. రోబో కళ్లు వర్ణించిన తీరు బాగుందన్నారొకరు. రోబోకి తెలుగు పేరు పెట్టాల్సిందన్నారు ఇంకొకరు. ఓ రిటైర్డ్ ఆసామీ అయితే ఇలాంటి రోబో పూర్వం మన పురాణాల్లోనే ఉందని రుజువులతో సహా చెప్పాడు. ఆఫీసులో శేషగిరి భుజం తట్టాడని రఘునందన్ ఇంటికి గులాబ్‌జామ్ డబ్బా తెచ్చాడు.

ఇంద్రజకి దొరికిపోతానన్న భయం మొదటిరోజుకే సరిపోయింది. రెండోరోజు నవ్వొచ్చింది. మూడోరోజు నుంచి ఒళ్లు మండటం మొదలైంది. డిప్యూటీ సెక్రటరీని పట్టపగలు హంతకుణ్ణి చేసి అచ్చు వేయించింది. కావలసినన్ని ఆధారాలు వదిలింది. ఇంత దర్జాగా నేరం చేస్తే పట్టుకునే మొనగాడు మయూర్ విహార్ మొత్తంలో ఒక్కడూ లేడా? అచ్చయిన కథ అలమరలో ఉంది. పేరు తనదే, కథా తనదే. అయినా ఇంకా పుట్టనట్టే ఉంది. ఒక మనిషి కళ్లు దానిమీద పడి, చివరి పేజీకి వచ్చి, 'ఓరి వీడా!' అనుకుంటే గదా కథ పుట్టినట్టు.

శనివారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఇంద్రజా, నేను భానుమతిని. పనిలో ఉన్నావా?"

"లేదండీ, చెప్పండి." శేషగిరి గారి భార్య కదా, మళ్లీ రోబో అనుకుని ఇంద్రజ స్టూలు లాక్కుంది.

"ఒక్కటడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ విశ్వపతి ఉంగరం సంగతి."

ఇంద్రజ స్టూలు మీద కూర్చోబోయి ఆగిపోయింది. "ఏ సంగతండీ?"

"లిఫ్టు ఆగింది కరెంటు పోయి కదా. మెట్ల మీద కన్ను పొడుచుకున్నా కనిపించదని నువ్వే రాశావు. మరి ఆయన పక్కనుంచి వెళ్లినప్పుడు ఉంగరంలో రాయి ఎర్రదని జానకమ్మకి ఎలా తెలిసింది?"

ఇంద్రజ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. "మీరు కథ చదివారా?"

"చదవకుండా ఎలా తెలుస్తుంది? మా ఆయన రోబో రోబో అని ఇల్లు పీకి పందిరేస్తుంటే, ఏవిటా అని దానికోసమే మొదలుపెట్టాను. ఎంత చదివినా రాదే! పేజీ తిప్పితే వస్తుందేమో, పేజీ తిప్పితే వస్తుందేమో అని తిప్పాను. మధ్యకొచ్చేసరికి దాని సంగతే మర్చిపోయాను. కూర మాడిపోయింది."

"కూర మాడిందా?" ఇంద్రజకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజంగానా?"

"గిన్నె ఇంకా నానుతోంది."

"సార్‌కి చెప్పారా మరి, రోబో లేదని?"

"నేనెందుకు చెప్పడం? ఆయన చదివినప్పుడు ఆయనే తెలుసుకుంటారు."

క్షణం ఆగి ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వుతో ఏసీఆర్ భయం కూడా పోయింది. భానుమతి ముందు తేరుకుంది.

"అది సరే, ఉంగరం సంగతి చెప్పు."

"జానకమ్మ దగ్గర టార్చి ఉందండీ. చేతిసంచిలో."

"రాయలేదే?"

"రాయక్కర్లేదనుకున్నాను. టీచర్ల సంచిలో ఉండనిదంటూ ఉంటుందా?"

"టార్చి ఉంటే, ఆవిడ గోడ తడుముకుంటూ మెట్లు ఎందుకు దిగింది?"

ఇంద్రజ ఫోను తీగ సాగేంత దూరం వెళ్లి అలమరలోంచి సంచిక లాగింది. పేజీ తీసింది. తడుముకుంటూనే దిగింది. ఒకటికి రెండుసార్లు తడుముకుంది. రెండోసారి విశేషణం కూడా ఉంది. తిరగరాసేటప్పుడు కర్టెన్ల మీద పెట్టిన శ్రద్ధ ఇక్కడ పెట్టలేదు. చెంపలు వేడెక్కాయి.

"తప్పేనండీ," అంది.

"తప్పే. పైగా పెద్ద తప్పు. కానీ కిటికీ సంగతి మాత్రం బాగా పట్టుకున్నావు. ఇక్కడికొచ్చిన కొత్తలో మా ఆయన కిటికీ గది కోసం ఎన్నాళ్లు నిద్రపోలేదో నాకు తెలుసు. చంపలేదు, అంతే. చంపాలని ఉండేది." భానుమతి గొంతు తగ్గించింది. "ఇంకోటి రాస్తున్నావా?"

"లేదు. అంటే, ఉంది. బుర్రలో ఉంది."

"రాయగానే నాకివ్వు. ఎవరు చంపారో ముందు చెప్పకు."

ఫోను పెట్టేశాక ఇంద్రజ చాలాసేపు ఆ పేజీనే చూస్తూ నిలబడింది. సిగ్గుగా ఉంది. కోపంగానూ ఉంది, ఆ టార్చి ఎలా తట్టలేదని. ఆ రెండూ కలిపి ఇంత ఆనందంగా ఎందుకుందో ఆవిడకే తెలియలేదు. టేబుల్ దగ్గరికి వెళ్లి పెన్ను మూత తీసింది.

మంచం మీద పేపరు చదువుతున్న రఘునందన్ తలెత్తాడు. "ఎవరు ఫోను? అంతసేపు మాట్లాడావు."

"రీడర్," అంది ఇంద్రజ.

"అచ్ఛా," అన్నాడు రఘునందన్ గౌరవంగా, పేపరు పక్కన పెట్టి. "ఏ యూనివర్సిటీలో?"